మీకు తెలుసా? గాయపడ్డ మెదడు తన హార్మోన్‌ను తానే తయారుచేసుకుంటుంది

మగవాళ్ల మెదడులోనూ ఈస్ట్రోజెన్ తయారవుతుంది

ఆడ హార్మోన్, మగ హార్మోన్ అని బడిలో చదువుకున్న లెక్క మెదడు దగ్గరికొచ్చేసరికి కుదరదు. ఒంట్లోని స్టెరాయిడ్ హార్మోన్లన్నిటికీ ముడిసరుకు ఒకటే, కొలెస్ట్రాల్. గుండె డాక్టరు తగ్గించుకోమంటాడే, అదే. దాన్నుంచి ప్రొజెస్టెరాన్ పుడుతుంది. అది మరికొన్ని మార్పులు చెంది టెస్టోస్టెరాన్ అవుతుంది. టెస్టోస్టెరాన్ మీద అరోమటేజ్ అనే ఎంజైము పనిచేస్తే ఎస్ట్రడయాల్ వస్తుంది. ఈస్ట్రోజెన్లలో బలమైనది ఇదే. అంటే ఆడవాళ్ల ఒంట్లో ఈస్ట్రోజెన్ కూడా ఆ రూపానికి రాబోయే ముందు మగ హార్మోన్ల జాతిదే. ఈ అరోమటేజ్ అండాశయంలోనే కాదు, కొవ్వులో ఉంటుంది, ఎముకలో ఉంటుంది, ఆడా మగా తేడా లేకుండా మెదడులోనూ ఉంటుంది.

అరోమటేజ్ పేరు కొత్తగా అనిపించినా దాన్ని అడ్డుకునే మందు మన మెడికల్ షాపుల్లో బాగా పరిచయమున్నదే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, పిల్లల కోసం చికిత్స తీసుకునేవాళ్లకు రాసే లెట్రోజోల్ చేసే పని అదే.

గ్రంథులు తీసేసినా ఎలుక మెదడులో స్టెరాయిడ్లు తగ్గలేదు

1981లో ఫ్రాన్స్‌లో ఎతియెన్-ఎమీల్ బోలియూ బృందం ఎలుకల మెదడులో డీహెచ్ఈఏ సల్ఫేట్ అనే స్టెరాయిడ్‌ను కొలిచింది. రక్తంలో ఉన్నదానికంటే మెదడులోనే ఎక్కువ కనిపించింది. అడ్రినల్ గ్రంథులు, వృషణాలు తీసేసి మళ్లీ చూశారు. అయినా మెదడులో అది అలాగే ఉంది. బయటి నుంచి రావడం లేదంటే లోపలే తయారవుతూ ఉండాలి కదా. అలా మెదడు సొంతంగా చేసుకునేవాటికి న్యూరోస్టెరాయిడ్లు అని పేరు పెట్టారు. గర్భస్రావ మాత్ర ఆర్‌యూ-486 వెనక ఉన్నదీ ఈ బోలియూనే. ఆ మాత్ర మీద లోకమంతా చేసిన రభసలో ఈ పని మరుగున పడిపోయింది. నన్నడిగితే రెండిట్లో ఇదే పెద్దది. 2025లో, 98 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

పిడికెడు పిట్ట చెప్పిన సంగతి

హైదరాబాద్‌లో పక్షులమ్మే ఏ దుకాణానికి వెళ్లినా పంజరం నిండా కిచకిచలాడే ఎర్ర ముక్కు పిట్టలు కనిపిస్తాయి. జీబ్రా ఫించ్‌లు. సొంతూరు ఆస్ట్రేలియా. బరువు పట్టుమని పదిహేను గ్రాములుండదు. మగదానికి చెంపల మీద నారింజ రంగు మచ్చలుంటాయి, పాట పాడేది కూడా మగదే. అది పాట ఎలా నేర్చుకుంటుందో తెలుసుకోవాలని మెదడు శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వీటిని పెంచుతున్నారు. అందుకే ఈ పిట్ట మెదడు గురించి మనకు చాలా తెలుసు. అందులో అరోమటేజ్ దండిగా ఉంటుందన్నదీ అలా తెలిసిందే.

మామూలుగా ఆ ఎంజైము న్యూరాన్లలో కనిపిస్తుంది. న్యూరాన్లకు ఆసరాగా ఉండే గ్లియా కణాల్లో దాదాపు కనిపించదు. బార్నీ ష్లింగర్, కోలిన్ సల్దాన్హా, వాళ్ల సహచరులు పిట్ట మెదడులోకి సన్నటి సూది దింపి తీశారు. కొన్ని గంటలు పోయాక ఆ భాగాన్ని పలచగా కోసి, అరోమటేజ్‌కు రంగు పట్టేలా చేసి మైక్రోస్కోపు కింద పెట్టారు. సూది దిగిన దారి వెంట, సరిగ్గా ఆ అంచుల్లో, గ్లియా కణాలు రంగు పట్టి ఉన్నాయి. కాస్త ఎడంగా ఉన్న గ్లియాలో ఏమీ లేదు. దెబ్బ తగిలిన చోటే, అప్పటిదాకా ఆ పని ఎరగని కణాలు ఈస్ట్రోజెన్ చేయడం మొదలుపెట్టాయి.

మంచిది, కానీ దానివల్ల ఒరిగిందేమిటి? ఒకే పిట్ట మెదడులో రెండు వైపులా సూది దింపి, ఒక వైపు అరోమటేజ్‌ను అడ్డుకునే మందు పెట్టారు, రెండో వైపు పెట్టలేదు. మందు పెట్టిన వైపు చచ్చిపోయిన కణాలు ఎక్కువ, గాయమూ పెద్దది. పిట్టా అదే, సూదీ అదే, తేడా ఆ ఒక్క ఎంజైము. ఆ తర్వాత వచ్చిన ఫలితం ఇంకా ఆసక్తికరం. మన మెదళ్లలో దెబ్బ తగిలాక కొన్ని గంటలకో రోజులకో రెండో విడత నష్టం మొదలవుతుంది. మొదటి దెబ్బకు బతికిపోయిన కణాలు కూడా అప్పుడు చస్తాయి. జీబ్రా ఫించ్‌లో ఆ రెండో విడత దాదాపు రాదు. అరోమటేజ్‌ను ఆపేస్తే మాత్రం వస్తుంది. మన మెదడులో ఎప్పుడూ జరిగే నష్టాన్ని ఆ పిట్ట తన ఈస్ట్రోజెన్‌తో ఆపుకుంటోందన్నమాట.

క్షీరదాల్లోనూ ఈ ఏర్పాటు ఉంది. మాడ్రిడ్‌లో లూయిస్ మిగెల్ గార్సియా-సెగురా బృందం 1999లోనే ఎలుకల మెదడులో గాయం చుట్టూ ఆస్ట్రోసైట్లు అనే గ్లియా కణాలు అరోమటేజ్ చేయడం చూసింది. మనలాంటి జంతువుల్లో ఇది పిట్టల్లోలా గట్టిగా, చురుగ్గా ఉండదు, అంతే తేడా.

ఉడకని రాజ్మాకూ ఈ కథకూ సంబంధం ఉంది

గ్లియాను మేల్కొలిపేది తెగిన కణజాలమా, లేక గాయంతో పాటు రోగనిరోధక వ్యవస్థ రేపే మంట, వాపు, అంటే ఇన్‌ఫ్లమేషనా అన్న అనుమానం మిగిలింది. రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి కాబట్టి విడదీయడం కష్టం. కెల్లీ డంకన్, సల్దాన్హా కలిసి 2011లో దీనికొక ఉపాయం చేశారు. మెదడు కణజాలాన్ని గాయపరచకుండా ఫైటోహెమగ్లుటినిన్ అనే పదార్థంతో ఇన్‌ఫ్లమేషన్ ఒక్కటే రప్పించారు. గాయం లేకున్నా గ్లియా అరోమటేజ్ చేయడం మొదలుపెట్టింది. పిలుపు ఇన్‌ఫ్లమేషన్‌దే. వచ్చిన ఎస్ట్రడయాల్ చేసే పని మళ్లీ ఆ ఇన్‌ఫ్లమేషన్‌ను అణచడం. పిలిచినవాణ్ణే ఇంటికి పంపేస్తుంది.

ఈ ఫైటోహెమగ్లుటినిన్ ఎర్ర రాజ్మా గింజల్లో పుష్కలంగా ఉంటుంది. రాజ్మాను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, బాగా మరిగించి ఉడికించాలనేది దీని విషం విరగడానికే. సగం ఉడికిన గింజలు తింటే వాంతులే.

ఇన్‌ఫ్లమేషన్ శత్రువు కాదు, తగ్గిస్తే మంచిదనుకుని ఎన్నో ప్రాణాలు పోగొట్టుకున్నాం

చీలమండ బెణికితే ఎర్రబడి ఉబ్బుతుంది. ఉబ్బడానికి అక్కడ చోటుంది. పుర్రె ఎముక సాగదు. లోపల నీరు చేరి మెదడు ఉబ్బితే ఒత్తిడి పెరుగుతుంది, రక్తం అందదు, ఇంకొంత మెదడు చస్తుంది. అందుకే తలకు గట్టి దెబ్బ తగిలినవాళ్లకు వాపు తగ్గించే కార్టికోస్టెరాయిడ్లు ఇవ్వడం ముప్పై ఏళ్లకు పైగా చాలా ఆసుపత్రుల్లో మామూలైపోయింది. వినడానికి సబబుగానే ఉంటుంది కాబట్టి ఎవరూ పెద్దగా నిలదీయలేదు.

నిలదీసిన పరీక్ష పేరు క్రాష్. లండన్ నుంచి ఇయాన్ రాబర్ట్స్ బృందం నడిపింది. 49 దేశాల్లో 239 ఆసుపత్రులు, 20,000 మందిని చేర్చుకోవాలని లెక్క. 10,008 దగ్గరే ఆపేశారు. 2004లో లాన్సెట్ పత్రికలో అంకెలు వచ్చాయి. రెండు వారాల్లో చనిపోయినవాళ్లు స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 21.1 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 17.9 శాతం. అంటే నూటికి ముగ్గురు అదనంగా. దీన్ని అన్నేళ్ల వాడకంతో, అన్ని దేశాలతో గుణించి చూడండి. వైద్యంలో సద్బుద్ధితో చేసిన పనుల్లో ఇంత ఖరీదైనవి అరుదు.

కార్టికోస్టెరాయిడ్లు సెక్స్ హార్మోన్లు కావు గానీ, అదే కొలెస్ట్రాల్ కుటుంబానివి. కుటుంబం ఒకటైనా గాయపడ్డ మెదడులో నడత ఒకటి కాదు.

గర్భం రాకుండానే గర్భం వచ్చిన ఎలుకలు

ఈ మొత్తం విషయంలో మీరు ఒక్కటే చదవదలిస్తే ఇది చదవండి.

డొనాల్డ్ స్టైన్ అమెరికాలో ఎలుకల మెదడు గాయాల మీద పనిచేసేవారు, మొదట క్లార్క్ యూనివర్సిటీలో, తర్వాత అట్లాంటాలోని ఎమరీలో. ఒకే తరహా గాయం చేసినా కొన్ని ఎలుకలు త్వరగా తేరుకుంటాయి, కొన్ని తేరుకోవు. తేరుకునేవాటిలో ఆడవి ఎక్కువ. ఆడవాటిలోనూ అన్నీ ఒకలా లేవు. ఎలుకకు రుతుచక్రం నాలుగైదు రోజులే. గాయమైన రోజు అది ఏ దశలో ఉందో దాన్ని బట్టి ఫలితం మారుతోంది.

అప్పుడు ఆయన బృందం ఆడ ఎలుకల్లో మిథ్యా గర్భం కలిగించింది. అంటే కడుపులో పిల్లలుండవు, కానీ గర్భం నిలిచిందనుకుని ఒళ్లు ప్రొజెస్టెరాన్ ఎక్కువగా విడుదల చేస్తూ ఉంటుంది. ఆ స్థితిలో గాయం చేసి చూస్తే మెదడులో వాపు దాదాపు లేదు. అదే గాయానికి మగ ఎలుకల మెదళ్లు బాగా ఉబ్బాయి. సరే, మగవాటికి ప్రొజెస్టెరాన్ సూదిమందు ఇస్తే? వాటికీ వాపు తగ్గింది. 1990ల తొలి ఏళ్లలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. గర్భం నిలబడటానికి మన ఊళ్లలో గైనకాలజిస్టులు రాసే ఆ హార్మోనే మగ ఎలుక మెదడును కాపాడుతోందంటే చాలామంది నొసలు చిట్లించారు. డబ్బులిచ్చేవాళ్లు పెద్దగా దొరకలేదు.

ఎలుకల్లో ఫలితాలు మాత్రం పోగుపడుతూ వచ్చాయి. ప్రొజెస్టెరాన్ చేసేది ఒక్క పని కాదు. రక్తనాళాల గోడ బిగువు నిలబెడుతుంది, ఇన్‌ఫ్లమేషన్ రేపే సంకేతాలను తగ్గిస్తుంది, దానిలోంచి పుట్టే అల్లోప్రెగ్ననలోన్ న్యూరాన్ల రేగుదలను శాంతపరుస్తుంది. 1995లో ఇంకో బృందం, బోలియూ కూడా అందులో ఉన్నారు, నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర మళ్లీ ఏర్పడటంలో ప్రొజెస్టెరాన్‌కు పాత్ర ఉందని చూపింది.

మనుషుల మీద మొదటి పరీక్ష అట్లాంటాలోని గ్రేడీ మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. నడిపింది ఎమర్జెన్సీ వైద్యుడు డేవిడ్ రైట్. 100 మంది రోగులు. మందు తయారీలోనే ఒక చిక్కుంది. ప్రొజెస్టెరాన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకని ఆల్కహాల్‌లో కరిగించి, నోటితో తినలేని రోగులకు నరం ద్వారా ఎక్కించే పాలలాంటి కొవ్వు ద్రావణంలో కలిపి, రోజుల తరబడి బొట్టుబొట్టుగా ఎక్కించారు. 2007లో ఫలితం వచ్చింది. 30 రోజుల్లో మరణాలు మందు అందినవాళ్లలో 13 శాతం, అందనివాళ్లలో 30.4 శాతం. మరుసటి ఏడు చైనాలోని హాంగ్‌జౌ నుంచి 159 మందితో మరో ఫలితం వచ్చింది. అదీ ఆశాజనకమే. తలకు దెబ్బ తగిలినప్పుడు మెదడును నేరుగా కాపాడే మందు అప్పటిదాకా ఒక్కటీ లేదు. ఇక దొరికినట్టే అనుకున్నారు.

రెండు పెద్ద పరీక్షలు మొదలయ్యాయి. ఒకటి ప్రొటెక్ట్-3, అమెరికాలో 49 ట్రామా కేంద్రాల్లో. దెబ్బ తగిలిన నాలుగు గంటల్లోపే మందు మొదలవ్వాలి. స్పృహలో లేని మనిషి సంతకం పెట్టలేడు, ఇంటివాళ్లు ఎక్కడున్నారో తెలియదు. అమెరికాలో ఇలాంటి అత్యవసర పరిశోధనకు ఒక ప్రత్యేక నిబంధన ఉంది. ముందుగా ఆ ఊరి జనానికి చెప్పి, వాళ్లతో మాట్లాడి, వద్దనుకునేవాళ్లు తప్పుకునే వీలు కల్పించి, ఆ తర్వాత సమ్మతి పత్రం లేకుండానే రోగిని చేర్చుకోవచ్చు. ప్రొటెక్ట్-3 ఆ దారిలోనే నడిచింది. రెండోది సినాప్స్, 21 దేశాలు, 1,195 మంది రోగులు.

2014 డిసెంబర్‌లో రెండిటి ఫలితాలూ ఒకే పత్రికలో అచ్చయ్యాయి. రెండూ విఫలం. ప్రొటెక్ట్-3ను 1,140 మందికి గాను 882 దగ్గర ఆపేశారు. బాగా కోలుకున్నవాళ్లు మందు తీసుకున్నవాళ్లలో 51 శాతం, తీసుకోనివాళ్లలో 55.5 శాతం. స్పష్టంగా కనిపించిన తేడా ఒక్కటే: మందు ఎక్కించిన నరం వాచడం ఆ గుంపులో ఎక్కువ.

ఎలుకల్లో అంత బాగా పనిచేసింది మనుషుల్లో ఎందుకు పనిచేయలేదు? ప్రయోగశాలలో ఎలుకకు ఒకే చోట, ఒకే లోతులో, ఒకే బలంతో దెబ్బ కొడతారు. రోడ్డు మీద పడ్డ మనుషుల్లో ఒకరికి పుర్రె కింద రక్తం గడ్డ కడుతుంది, ఒకరికి నరాల పోగులు సాగి తెగుతాయి, ఒకరికి ఊపిరి అందక మెదడు దెబ్బతింటుంది. స్కాన్‌లో ఏదున్నా అందరినీ ఒకే గంపలో వేసి, ఆరు నెలల తర్వాత కొద్ది మెట్ల కొలబద్దతో కొలిచారు. మోతాదు సరైనదేనా, అన్ని రోజులు చాలా అన్నవి ముందే తేల్చుకోలేదు. స్టైన్ మరుసటి ఏడాదే ఈ వైఫల్యాన్ని చర్చిస్తూ ఓ వ్యాసం రాశారు. తన జీవితకాలపు పందెం ఓడిపోయాక దాని గురించి పత్రికలో కూర్చుని లెక్కలు విప్పిన పెద్దమనిషిని నేను మెచ్చుకుంటాను. వాదన మొత్తం ఒప్పుకోకపోయినా సరే.

అల్లోప్రెగ్ననలోన్ మాత్రం మరో గుమ్మంలోంచి వైద్యంలోకి వచ్చింది. బ్రెక్సనలోన్ పేరుతో 2019లో అమెరికాలో అనుమతి పొందింది. మెదడు గాయానికి కాదు, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌కు.

పుట్టీపుట్టని మగ మెదడులో ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలే పని చక్కబెడతాయి

మైక్రోగ్లియా అనే కణాలకు 1919లో పేరు పెట్టింది స్పెయిన్ దేశస్థుడు పియో డెల్ రియో ఒర్తెగా. ఇవి మెదడు గూట్లో కాపురముండే రోగనిరోధక కణాలు. పిండ దశలో పచ్చసొన సంచిలో పుట్టి మెదడులోకి వలస వస్తాయి. గాయమైతే ముందు పరిగెత్తేవి ఇవే.

మేరీల్యాండ్ యూనివర్సిటీలో మార్గరెట్ మెకార్తీ బృందం అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో వీటిని చూసింది. సంభోగ ప్రవర్తనను నడిపే ప్రీఆప్టిక్ ప్రాంతంలో, ఆడ పిల్లల కంటే మగ పిల్లల్లో చురుకైన మైక్రోగ్లియా ఎక్కువ. అక్కడ జరిగే పని వరస ఇది. వృషణాల నుంచి టెస్టోస్టెరాన్ వస్తుంది, మెదడులో ఎస్ట్రడయాల్‌గా మారుతుంది, అది ప్రోస్టాగ్లాండిన్ ఈ2ను పెంచుతుంది. జ్వరం, నొప్పి తెప్పించే పదార్థం ఇదే. అది న్యూరాన్ల మీద మొలకల్లాంటి ముళ్లను పెంచి ఆ ప్రాంతాన్ని మగ తీరుగా మలుస్తుంది. మైక్రోగ్లియాను మందుతో అణిస్తే ఆ మార్పు జరగదు. గర్భంతో ఉన్న తల్లి ఎలుకకు, పాలిచ్చే తల్లికి ఆస్పిరిన్ ఇస్తే, దాని మగ పిల్లల్లో పెద్దయ్యాక మగ ప్రవర్తన కొంత తగ్గింది.

కంగారు పడకండి, ఇది ఎలుకల సంగతి. మనుషుల్లో మగ మెదడును మలచడంలో ఎస్ట్రడయాల్ కంటే నేరుగా టెస్టోస్టెరాన్ పాత్రే ఎక్కువ. గర్భిణులకు బీపీ ముప్పు ఉందని డాక్టరు రాసిన చిన్న మోతాదు ఆస్పిరిన్‌ను ఇది చదివి ఆపొద్దు.

ఒకే నొప్పి, రెండు దారులు

మాంట్రియల్‌లో జెఫ్రీ మోగిల్ బృందం 2015లో చూపించిందిది. నరం దెబ్బతిన్న మగ చిట్టెలుకల వెన్నుపాములో మైక్రోగ్లియాను ఆపితే నొప్పి తగ్గింది. ఆడ చిట్టెలుకల్లో అదే చేస్తే ఏమీ కాలేదు. నొప్పి మాత్రం ఇద్దరికీ సమానమే. ఆడవాటిలో ఆ పని టి కణాలనే వేరే రోగనిరోధక కణాలు చేస్తున్నట్టు కనిపించింది. మైక్రోగ్లియాను ఆపి నొప్పి తగ్గించాలని మందుల కంపెనీలు పెట్టిన ఖర్చు తలుచుకుంటే, ఆడ చిట్టెలుకల్ని కూడా ఒక పంజరంలో పెట్టి ఉంటే ఎంత మిగిలేదో అనిపిస్తుంది.

ఎందుకు పెట్టలేదు?

ఆడ ఎలుకకు రుతుచక్రం ఉంటుంది కాబట్టి ఫలితాలు రోజుకో రకంగా వస్తాయని. 2009లో అచ్చయిన పరిశోధనలు లెక్కేస్తే, న్యూరోసైన్స్‌లో ఒక్క ఆడ జంతువుల మీదే చేసిన పనికి ఐదున్నర రెట్లు ఒక్క మగ జంతువుల మీదే చేసినవి. 2014లో 293 పరిశోధన పత్రాలు తిరగేసి చూస్తే, ఆడ చిట్టెలుకల ఫలితాల్లో తేడాలు మగవాటి కంటే ఎక్కువేం లేవని తేలింది. మగవాటికీ హార్మోన్ల ఒడిదొడుకులుంటాయి, గూట్లో ఎవడు పెద్దన్న అన్న తగువును బట్టి టెస్టోస్టెరాన్ పైకీ కిందకీ పోతుంది. అది ఎవరికీ అడ్డంకిగా తోచలేదు. అమెరికా ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ 2016 నుంచి తన డబ్బుతో జరిగే పరిశోధనలో ఆడ మగ రెండిట్నీ లెక్కలోకి తీసుకోవాలంది. పాత సాహిత్యం మాత్రం అలాగే ఉంది, మనం మింగే మందుల్లో చాలావాటికి పునాది అదే.

తేడా పోగు మందంలోనూ ఉంది

తల అదిరి కంకషన్ అయ్యాక ఆడవాళ్లకు తలనొప్పి, మతిమరుపు ఎక్కువ కాలం ఉంటున్నాయంటే, వాళ్లు ఎక్కువగా చెప్పుకుంటారులే అని కొట్టిపారేసేవాళ్లకు కొదవలేదు. 2018లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో డగ్లస్ స్మిత్ బృందం ఆడ, మగ న్యూరాన్లను పాత్రల్లో పెంచి, వాటి పోగులను, అంటే ఆక్సాన్లను, ఒకే బలంతో సాగదీసింది. ఆడ ఆక్సాన్లు సన్ననివి, లోపల ఆసరాగా ఉండే సన్న గొట్టాలు, మైక్రోట్యూబులు, తక్కువ. అదే లాగుడుకు అవే ఎక్కువగా దెబ్బతిన్నాయి. పాత్రలోని కణాలు డాక్టరుకు ఏమీ చెప్పుకోవు.

నెలసరికీ సంబంధం కనిపించింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ పరిశోధకులు 144 మంది మహిళలను గాయమైన నాలుగు గంటల్లోపు చూసి, నెల తర్వాత మళ్లీ పలకరించారు. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ ఎక్కువగా ఉండే రోజుల్లో దెబ్బ తగిలినవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు. స్టైన్ ఎలుకలకు ఇది తలకిందులుగా ఉందే అనిపిస్తుంది. ఒక వివరణ ఏమిటంటే, దెబ్బ అదురుకు పిట్యూటరీ మొరాయించి ప్రొజెస్టెరాన్ ఉన్నపళంగా పడిపోతుంది, ఎక్కువ ఉన్నవాళ్లకే ఆ పతనం పెద్దది. గర్భనిరోధక మాత్రలు వేసుకునేవాళ్లకు హార్మోన్ బయటి నుంచి అందుతూనే ఉంటుంది కాబట్టి వాళ్లకు అంత ఇబ్బంది రాలేదు. ఇది 144 మంది మాటే, అదీ గుర్తుంచుకోవాలి.

తొమ్మిదో నెల చల్లార్చే జబ్బు

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో సొంత రోగనిరోధక వ్యవస్థే మెదడులోని మైలిన్ మీద పడుతుంది. ఆడవాళ్లలో ఎక్కువ. 1998లో అచ్చయిన యూరప్ పరిశోధనలో 254 మంది మహిళలను గర్భం పొడవునా గమనించారు. గర్భానికి ముందు జబ్బు తిరగబెట్టడం ఏడాదికి సగటున 0.7 సార్లు, చివరి మూడు నెలల్లో 0.2, కాన్పయిన తొలి మూడు నెలల్లో 1.2. ఏ మందూ లేకుండా, ఒక్క గర్భం ఉండటం, పోవడంతోనే ఇంత తేడా.

మార్చుకున్న కణాలు పాత గుణం మానలేదు

2018లో మిలాన్‌లో ఆడ చిట్టెలుకల మైక్రోగ్లియాను మగవాటి మెదడులోకి మార్చారు. చుట్టూ మగ హార్మోన్లే ఉన్నా ఆ కణాలు తమ తీరు మార్చుకోలేదు. స్ట్రోక్ తెప్పించి చూస్తే ఆ మగ చిట్టెలుకలకు నష్టం తక్కువ.

దెబ్బ ఎవరికి తగులుతుందన్నదీ లెక్కలోకి రావాలి

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. ఎక్కువమంది మగవాళ్లు కాబట్టి తల గాయం పరిశోధనల్లోనూ వాళ్లే ఎక్కువ. చీరకట్టులో ఒకవైపు కాళ్లు పెట్టి, హెల్మెట్ లేకుండా వెనక కూర్చున్న ఆవిడ స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక్కి పడితే నేరుగా తలే తగులుతుంది. వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరి అని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ చెబుతూనే ఉంది.

ఇంకో రకం దెబ్బలు ఆసుపత్రి దాకా రావు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పిన పెళ్లయిన మహిళలు తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. వాళ్లలో ఎందరికి తల గోడకేసి తగిలిందో ఏ సీటీ స్కాన్‌లోనూ ఉండదు. మళ్లీ మళ్లీ తగిలే చిన్న దెబ్బల గురించి మనకు తెలిసినదంతా ఎక్కువగా మగ బాక్సర్లు, ఫుట్‌బాల్ ఆటగాళ్ల మెదళ్ల నుంచి వచ్చిందే.

తలకు దెబ్బ తగిలి ఆరు నెలలైంది, నీరసం పోవడం లేదా?

పిట్యూటరీ బఠాణీ గింజంత గ్రంథి. మెదడు అడుగున, ఎముక గుంటలో, సన్నటి కాడకు వేలాడుతూ ఉంటుంది. దానికి రక్తం తెచ్చే సన్నని నాళాలు ఆ కాడ వెంటే దిగుతాయి. తల గట్టిగా అదిరినప్పుడు ఆ కాడ దెబ్బతింటుంది. ఇలా జరుగుతుందని 1918లోనే రాసిపెట్టారు, తర్వాత దశాబ్దాల పాటు అరుదైన సంగతిగా వదిలేశారు. 2007లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, తల గాయం నుంచి బయటపడ్డవాళ్లలో 27.5 శాతం మందికి పిట్యూటరీ హార్మోన్లలో ఏదో ఒక లోటు కనిపించింది.

లక్షణాలు తికమక పెడతాయి. మగవాళ్లకు కోరిక తగ్గుతుంది, గడ్డం పెరగడం మందగిస్తుంది, కండ కరుగుతుంది. ఆడవాళ్లకు నెలసరి ఆగిపోతుంది, లేదా గతి తప్పుతుంది. ఇద్దరికీ అలసట, ఏకాగ్రత లేకపోవడం, దిగులు. ఇవన్నీ గాయం తర్వాత మామూలుగా ఉండేవే కాబట్టి ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి డాక్టర్లు కూడా, "దెబ్బ షాక్ ఇంకా తీరలేదు" అని సర్దిచెబుతారు. న్యూరోసర్జన్ దగ్గరికి చెకప్‌కు వెళ్లినప్పుడు నెలసరి సంగతి, పడకగది సంగతి ఎత్తడానికి మొహమాటం. ఎత్తండి. పొద్దున్నే తీసే రక్తంలో కార్టిసాల్, థైరాయిడ్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, మగవాళ్లకైతే టెస్టోస్టెరాన్, ఆడవాళ్లకైతే ఎస్ట్రడయాల్ చూస్తే చాలావరకు బయటపడుతుంది. అందులో కార్టిసాల్ లోటు ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి దాన్ని ముందు చూస్తారు. మొదట్లో తగ్గిన హార్మోన్లు కొందరిలో వాటంతటవే మళ్లీ పెరుగుతాయి, అందుకే మూడు నుంచి ఆరు నెలల మధ్య ఒకసారి, ఏడాది నిండాక మరోసారి పరీక్ష చేయిస్తారు. అప్పటికీ లోటు ఉంటే ఎండోక్రినాలజిస్టు దగ్గరికి పంపుతారు, లేని హార్మోన్‌ను మాత్రగానో జెల్‌గానో సూదిమందుగానో ఇస్తారు.